చెవుల డాక్టరు గారి చెవి

పోయిన నెల విజయవాడలో నాకు చెవి పరీక్ష చేశారు. గాజు కిటికీ ఉన్న ఇరుకు గదిలో కూర్చోబెట్టి, చెవులకు మెత్తటి డిప్పలు తగిలించి, చేతికి ఒక బటను ఇచ్చింది అక్కడి అమ్మాయి. "శబ్దం వినపడినప్పుడల్లా నొక్కండి మామ్మగారూ. ఎంత సన్నగా వచ్చినా సరే" అని తలుపు మూసింది. మొదట్లో చాలాసార్లే నొక్కాను. తర్వాత తర్వాత నొక్కటానికి ఏమీ రాలేదు. పరీక్ష అయిపోయిందేమో అనుకుని కిటికీలోంచి చూస్తే, ఆ అమ్మాయి ఇంకా మీట తిప్పుతూనే ఉంది. శబ్దాలు వస్తూనే ఉన్నాయి, నాకు అందటం లేదు అంతే.

బయటికి వచ్చి బల్లమీద కూర్చున్నప్పుడు తిరువూరు డాక్టరు గారు గుర్తుకొచ్చారు. ఆయన పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడెవరికీ తెలియదు. అప్పట్లో కూడా ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో చెప్పుకునేవారు కాదు. చెవుల డాక్టరు గారు అనేవారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను తిరువూరు మిషన్ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. ట్రైనింగు అయిపోయి ఏడాది కాలేదు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్ళు ఉంటాయి. యుద్ధంలో మిలిటరీ డాక్టరుగా చేసి వచ్చారు. ఫిరంగుల పక్కన గుడారాల్లో చాలాకాలం పనిచేశారని చెప్పేవారు. ఆయన భార్యది దగ్గర్లోని పెనుగొలను. అందుకని తిరువూరులో స్థిరపడ్డారు. బజారు వీధిలో ఇల్లు, ముందు గదులు రెండూ ఆస్పత్రి. జ్వరాలకూ గడ్డలకూ మందిచ్చేవారు గాని, ఆయన మనసంతా చెవుల మీదే ఉండేది.

జ్వరమని వచ్చినవాడు చెవి చూపించుకోకుండా ఆ గుమ్మం దాటినట్టు నాకు తెలియదు. వీపు వెనక్కి వెళ్ళి, రోగి చేత్తోనే ఒక చెవి మూయించి, రెండో చెవి దగ్గర గుసగుసగా ఏదో ఒక మాట అనేవారు. రోగి దాన్ని గట్టిగా తిరిగి చెప్పాలి. చెబితే ఒక అడుగు వెనక్కి వేసి మరో మాట. అలా అడుగులు వేస్తూ వేస్తూ ఒక్కోసారి వీధిలోకి వెళ్ళిపోయేవారు. బట్టల కొట్లో కూర్చున్నా అంతే. మాటల మధ్యలో లేచి, జేబు గడియారం తీసి, కొట్టు యజమాని చెవి పక్కన పెట్టి, మెల్లగా దూరం జరిపేవారు. "ఇక్కడ? ఇక్కడ?" అంటూ. గిరాకీ పోతోందని యజమాని లోలోపల గింజుకునేవాడు గాని, పైకి నవ్వుతూ కూర్చునేవాడు.

ఆయన బల్లమీద ఒక గాజుసీసా ఉండేది. అందులో ఊరి జనం చెవుల్లోంచి ఆయన తీసిన వస్తువులుండేవి. కందిగింజ, విరిగిన అగ్గిపుల్ల, కోడి ఈక ముక్క, పిన్నీసు కొస, ఒక ఎండిన పురుగు. "ఈ సీసా చూశాక కూడా చెవిలో పుల్ల పెట్టుకునేవాడికి నేను చెప్పేదేం లేదు" అనేవారు.

మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూసేవారు కాదు. పెదవుల వంక చూసేవారు. ఆడవాళ్ళకు ఇది ఇబ్బందిగా ఉండేది. "మనిషి మంచివాడే గాని, ఆ చూపే బాగోదమ్మా" అని బడిలో మా ఆయా నాకు ముందే చెప్పిపెట్టింది.

నేను మొదటిసారి వెళ్ళింది తలంటుకున్నాక కుడి చెవి మూసుకుపోయిందని. గోరువెచ్చటి నీళ్ళు పిచికారీతో కొట్టి గులిమి తీశారు. ఆ తర్వాత అలవాటు ప్రకారం వెనక్కి వెళ్ళి అడుగులు వేయటం మొదలుపెట్టారు. గది దాటారు, వసారా దాటారు, మెట్లు దిగారు. నేను చెబుతూనే ఉన్నాను. చివరికి రోడ్డుమీద ఎద్దుబండి అడ్డమొచ్చి ఆగారు. లోపలికి వచ్చి, "ఎప్పుడైనా మన్యం జ్వరం వచ్చిందా? క్వినైను మింగారా? చిన్నప్పుడు చెవిలో చీము కారిందా? మీ నాన్నగారికి బాగా వినపడుతుందా?" అని వరసగా అడిగారు. మొదటి మూడింటికీ లేదన్నాను, చివరిదానికి అవునన్నాను. ఆయన ముఖం వెలిగింది.

"అమ్మా, ఈ ఊళ్ళో పాడుకాని చెవి దొరకటం ఎంత కష్టమో మీకు తెలియదు" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు, ఆయన పెద్ద పని ఒకటి పెట్టుకున్నారని. పొడుగాటి నోటుపుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. వయసు, చేసే పని, ఎన్నేళ్ళుగా చేస్తున్నాడు, ఎన్నిసార్లు జ్వరపడ్డాడు, చెవిని చెడగొట్టే క్వినైను ఎంత మింగాడు, తుపాకీ కాల్చే అలవాటుందా. కింద పరీక్షల ఫలితం. పెద్దవాళ్ళ చెవి ఏయే కారణాలతో ఎలా పాడవుతుందో తేల్చాలని ఆయన పట్టుదల.

"పుస్తకాల్లో పసిపిల్లల చెవుల గురించి ఉంది, పండు ముసలివాళ్ళ గురించీ ఉంది. మధ్యలో పనిచేసుకు బతికే వాడి చెవి గురించి అడిగేవాడు లేడు. వాడూ రాడు. నాకు వినపడటం లేదని ఎవడూ రాడమ్మా. అందరూ గొణుగుతున్నారని వస్తాడు."

ఆడవాళ్ళ వెనక నిలబడి మగమనిషి గుసగుసలాడితే వాళ్ళు సిగ్గుతో జవాబివ్వటం లేదని, ఆ పని నన్ను చేసి పెట్టమన్నారు. శనివారం మధ్యాహ్నాలు వెళ్ళేదాన్ని. ఆయన భార్య కాఫీ ఇచ్చి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేవారు. ఆవిడది పెద్ద గొంతు. "ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది!" అంటే బజారు మలుపు దాకా వినపడేది. అది ఆవిడ తీరు అనుకున్నాను.

తెలుగు చెప్పే దాన్ని కాబట్టి మాటల జాబితా తయారుచేసే పని కూడా నామీద పడింది. అంతకుముందు ఆయన నోటికి వచ్చిన మాట ఏదో ఒకటి అనేవారు. "అలా కాదమ్మా. అన్నీ రెండక్షరాలే ఉండాలి. అచ్చులు మారకూడదు, హల్లులు మారాలి" అన్నారు. రెండు రోజులు ఆలోచించి రాసుకొచ్చాను. చాప, పాప, పాక, తాత, కాక. ఇలాంటివే ఇంకో నాలుగు వరసలు. ఆయన ఆ కాగితాన్ని నేనేదో కనిపెట్టినట్టు రెండు చేతులతో పట్టుకున్నారు.

"చెవి పాడయ్యేటప్పుడు అచ్చులు బతికుంటాయి. హల్లులు ముందు చస్తాయి. చాప అన్నా పాప అన్నా వాడికి ఒకటే. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అందుకే తనకు చెవుడు లేదనుకుంటాడు."

ఆ జాబితా రాక ముందు ఆయన ఎక్కువగా నమ్ముకున్నది ట్యూనింగ్ ఫోర్కుల్ని. రెండు కొమ్ముల ఉక్కు కడ్డీలు. ఒకటి పెద్దది, బొంగురుగా మోగుతుంది. ఒకటి చిన్నది, సన్నగా కీచుమంటుంది. మోకాలిమీద కొట్టి రోగి చెవి పక్కన పెట్టేవారు. మోత తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోగానే రోగి చెయ్యి ఎత్తాలి. వెంటనే ఆయన ఫోర్కును తన చెవి దగ్గర పెట్టుకునేవారు. ఆయనకు ఇంకా వినపడుతుంటే రోగి చెవి తగ్గినట్టు. ఆయనకూ ఆగిపోయి ఉంటే రోగి చెవి బాగున్నట్టు. పుస్తకంలో చాలా పేజీల కింద "నాతో సమానం" అని రాసి ఉండేది.

అలా రాసిన పేజీల్లో ఏసోబుది ఒకటి.

ఏసోబు మా చర్చి మనిషే. పేటలో ఉండేవాడు. ఊళ్ళోని బియ్యం మిల్లులో, వడ్ల పొట్టు తీసే హల్లరు దగ్గర పన్నెండేళ్ళు పనిచేశాడు. ఆయిల్ ఇంజనూ, బెల్టులూ, హల్లరూ కలిసి చేసే మోతలో మనిషి పక్కనే నిలబడి అరిస్తే తప్ప మాట వినపడదు. నేను ఊరికి రావటానికి కొద్దినెలల ముందు మిల్లు మేస్త్రీ వెళ్ళి యజమాని శెట్టిగారి దగ్గర ఫిర్యాదు చేశాడు, ఏసోబుకు పొగరెక్కింది, పిలిస్తే పలకటం లేదని. శెట్టిగారు తొందరపడే మనిషి కాదు. ఏసోబును వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి తీసుకొచ్చి, "వీడికి నిజంగా వినపడదా, నటిస్తున్నాడా చూడండి" అన్నారు. డాక్టరు గారు ఫోర్కులతో పరీక్షించి, బాగానే ఉన్నాయన్నారు. ఆ మర్నాడు ఏసోబును పనిలోంచి తీసేశారు. పొగరుబోతన్న పేరు ఎ.కొండూరు, గంపలగూడెం మిల్లుల దాకా పాకింది. ఎవరూ పని ఇవ్వలేదు. అతని భార్య మరియమ్మ కలుపుకు వెళ్ళి ఇల్లు నడుపుకొచ్చేది. ఆదివారాలు చర్చిలో ఆవిడ ఒక్కతే కనిపించేది.

నేను చేరిన రెండో ఏడు, వేసవి సెలవుల ముందు ఒక శనివారం. డాక్టరు గారు నోటుపుస్తకంలోని సంగతులన్నీ శుభ్రంగా వేరే రాయటం మొదలుపెట్టారు. ఒక వైద్య కళాశాలలో ఆయనకు తెలిసిన ప్రొఫెసరు ఉన్నారు, ఆయనకు పంపాలని. రాస్తూ రాస్తూ కలం ఆపి, "అందర్నీ నాతో పోల్చాను. నాకు యాభై దాటాయి. మీలాంటి పడుచు చెవి నాకంటే ఎంతసేపు ఎక్కువ వింటుందో ఒక మాట రాయాలి కదా. రండి, చూద్దాం" అన్నారు. ఒకటి రెండు సెకండ్లు తేడా ఉంటుందని ముందే చెప్పారు.

పెద్ద ఫోర్కుతో ఆయన చెప్పినట్టే అయింది. చిన్నది తీసి కొట్టి తన చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆగగానే నా చెవి దగ్గరికి తెచ్చారు.

"ఆగింది కదా?"

"లేదండి. మోగుతోంది."

గడియారం చూస్తున్నారు. "ఇప్పుడు?"

"ఇంకా మోగుతోందండి."

చాలాసేపటికి నేను చెయ్యి ఎత్తాను. ఆయన గడియారం వంక, నా వంక చూసి, "కళ్ళు మూసుకోండి" అన్నారు. ఫోర్కును కొట్టి, ఒకసారి అలాగే, ఒకసారి మోతను వేళ్ళతో ఆపేసి నా చెవి దగ్గర పెట్టి, అలా పదిసార్లు చేశారు. పదిసార్లూ నేను సరిగ్గా చెప్పాను. కళ్ళు తెరిచేసరికి ఆయన ఎడమ చెవితో ఒకసారి, కుడి చెవితో ఒకసారి తనే విని చూసుకుంటున్నారు.

"ఆ జాబితా తీయండి" అన్నారు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. "చదవండి. గుసగుసగా. నామీద జాలిపడి పెద్దగా చదవకండి."

నాకు ఇష్టం లేకపోయింది. అయినా చదివాను. "చాప."

"పాప" అన్నారు.

"కాక."

"తాత."

"పాక."

"ఏదో అన్నారు. తెలియలేదు" అన్నారు.

జాబితా చివరిదాకా చదివించారు. సగానికి పైగా తప్పాయి. "కొత్త పేజీ తీసి రాయండి. నా పేరు, వయసు. పని, మిలిటరీ డాక్టరు. ఎన్నేళ్ళు ఫిరంగుల దగ్గర, రాయండి. క్వినైను, చాలా" అన్నారు. అన్నీ చెప్పి, ఫలితం కూడా ఆయనే చెప్పి రాయించారు. ఆ గొంతులో నాకు తేడా ఏమీ తెలియలేదు. చెయ్యి మాత్రం ఫోర్కును వదలలేదు.

గుమ్మం దగ్గర పీటమీద ఆయన భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. "నాకు తెలుసండీ" అన్నారు. ఆయన వినలేదు. ఆవిడ లేచి, ఆయన ఎదురుగా వచ్చి, ఎప్పటిలా పెద్ద గొంతుతో మళ్ళీ అన్నారు. "నాకు తెలుసు. నాలుగేళ్ళబట్టీ తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెవుల డాక్టరుకు చెవుడని ఏ నోటితో చెప్పనండీ? గట్టిగా మాట్లాడితే సరిపోతుందిలే అనుకున్నా." తర్వాత నావైపు తిరిగి, మామూలు గొంతుతో, "నాది పెద్ద గొంతు కాదమ్మాయ్. మా పుట్టింట్లో నన్ను నోరు లేనిదనేవాళ్ళు" అన్నారు. ఆ మాట ఆయనకు వినపడలేదు. నేను తిరిగి చెప్పలేదు.

ఆయన నోటుపుస్తకం ముందుకు లాక్కున్నారు. పేజీలు తిప్పుతూ "నాతో సమానం" అని ఉన్నచోటల్లా వేలు పెట్టి చూస్తున్నారు. ఏసోబు పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఇతని ఇల్లు మీకు తెలుసా?" అని అడిగారు.

మర్నాడు చర్చి అయ్యాక తీసుకెళ్ళాను. "నాకు వినపడనిది మీరు చెబుతుండాలి" అన్నారు దారిలో. ఏసోబు పాక ముందు కూర్చుని పగ్గం పేనుతున్నాడు. డాక్టరు గారిని చూసి లేచి నిలబడ్డాడు, నమస్కారం పెట్టలేదు.

"ఏసోబూ, నీకు తప్పు చెప్పాను. నీ చెవులు బాగాలేవు" అన్నారు డాక్టరు గారు.

ఏసోబు నావైపు చూశాడు. "ఏమంటన్నారమ్మా?"

మరియమ్మ పాకలోంచి వచ్చి అతని చెవి దగ్గర అరిచింది. "నీ చెవులు చెడిపోయినయ్యంట!"

"బాగున్నయ్యని ఈయనేగా చెప్పింది."

"నా చెవి చెడిపోయింది. చెడిపోయినదాంతో నీదాన్ని కొలిచాను" అన్నారు డాక్టరు గారు. ఈసారి ఏసోబు ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా నెమ్మదిగా చెప్పారు. ఏసోబుకు అర్థమైంది. అతనికి కోపం వస్తుందనుకున్నాను. అతను మరియమ్మ వంక తిరిగాడు.

"అయితే నువ్వు గొణగట్లా?"

మరియమ్మ మాతో అంది. "చూడండయ్యా, ఇదీ వరస. పొయ్యికాడ నేనేదో అంటే తనని తిడతన్నానని ఎన్నిసార్లు కంచం ముందునించి లేచిపోయాడో. పిల్లల్ని కూడా కొట్టాడు, నవ్వుతున్నారని. నేను గొణగట్లేదు మొర్రో అంటే నమ్మడు. డాక్టరు గారే చెవులు బాగున్నయ్యన్నారు, నీ నోరే మంచిది కాదంటాడు."

డాక్టరు గారు నావైపు చూశారు. ఆవిడ అన్నదంతా నేను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాను. కంచం సంగతీ, పిల్లల సంగతీ కూడా. ఆయన నా పెదవుల మీంచి చూపు తిప్పకుండా విన్నారు.

ఏసోబు పగ్గాన్ని కింద పెట్టాడు. "మీకూ ఇనపడదా అయ్యా?" అని అడిగాడు.

"ఆఁ?" అన్నారు డాక్టరు గారు.

ముందు మరియమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. ఏసోబు కూడా నవ్వాడు. ఎందుకో తెలియకుండానే డాక్టరు గారూ నవ్వారు.

సోమవారం బడి వదిలాక మిల్లుకు వెళ్ళాం. ఇంజను ఆపి బెల్టు బిగిస్తున్నారు. పనివాళ్ళంతా బయట నిలబడి ఉన్నారు. శెట్టిగారు ఎదురొచ్చారు. "రండి డాక్టరు గారూ, ఏంటి ఇలా వచ్చారు?"

"ఏసోబు విషయమై వచ్చానండి. వాడికి చెవులు బాగున్నాయని నేను చెప్పింది తప్పు. వాడికి చెవుడు. నాకూ చెవుడే, అందుకే కనిపెట్టలేకపోయాను."

శెట్టిగారు చుట్టూ చూశారు. ఆయనది పెద్దమనిషి తరహా. "లోపలికి రండి, నెమ్మదిగా మాట్లాడుకుందాం" అన్నారు తగ్గిన గొంతుతో. అది నేను డాక్టరు గారికి చెప్పాల్సి వచ్చింది.

"లోపల వద్దండి. వాడికి పొగరన్న మాట బయట అన్నారు. నాకు చెవుడన్న మాట కూడా బయటే అననివ్వండి" అన్నారాయన.

శెట్టిగారు కండువా సర్దుకున్నారు. "పోనీ, వాడికి చెవుడే అనుకుందాం. అయితే అసలు పెట్టుకోకూడదు కదండి. బెల్టుల మధ్య పని. వెనకనించి కేకేస్తే వినపడనివాడు రేపు ఏ బెల్టులోనో పడితే ఎవరిది పూచీ?"

డాక్టరు గారు దీనికి సిద్ధపడి రాలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. నిజం చెబితే పని దొరుకుతుందనుకున్నారు. నిజం చెప్పటంతో ఉన్న దారి కూడా మూసుకుపోయింది. అయినా ఆయన, "పని ఇవ్వటం ఇవ్వకపోవటం మీ ఇష్టం. వాడికి పొగరు లేదని మాత్రం ఆ చెప్పినవాడి చేతే చెప్పించండి" అన్నారు.

మేస్త్రీని పిలిచారు. అతను ఇరవై ఏళ్ళనుంచి ఆ మిల్లులోనే ఉన్నాడు. శెట్టిగారు, "ఏసోబు కావాలని పలక్కపోవటం కాదంటయ్యా" అన్నారు.

"ఏంటండీ?" అన్నాడు మేస్త్రీ.

డాక్టరు గారు అతని వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. గుసగుసగా, "చాప" అన్నారు. "విన్నది చెప్పు."

"పాప అండి" అన్నాడు మేస్త్రీ.

"కాక."

"తాత అండి."

పనివాళ్ళు గొల్లుమన్నారు. మేస్త్రీ తన జవాబులు సరైనవే అనుకుని వాళ్ళను కసిరాడు. శెట్టిగారు మాత్రం నవ్వలేదు. కండువా తీసి ముఖం తుడుచుకుని, "నన్ను కూడా చూడండి" అన్నారు మెల్లగా. అది నేను చెప్పనవసరం లేకుండానే డాక్టరు గారికి తెలిసింది.

ఏసోబును వెంటనే తీసుకోలేదు. ఆ ఏడు కోతలయ్యాక మిల్లు కళ్ళంలో ఉప్పుడు వడ్లు ఆరబోసే పనిలో పెట్టుకున్నారు. అక్కడ ఇంజను మోత తక్కువ, పిలవాలంటే ఎదురుగా వచ్చి చెయ్యి ఊపుతారు. హల్లరు దగ్గర పనిచేసే వాళ్ళకు డాక్టరు గారు దూదిని మైనంలో ముంచి చెవి బిరడాలు చేసి ఇచ్చారు. సగంమంది పెట్టుకున్నారు, సగంమంది పారేశారు. మేస్త్రీ అందరికంటే ముందు పెట్టుకున్నాడు గాని, అప్పటికే ఆలస్యమైందని డాక్టరు గారు నాతో అన్నారు.

ఊళ్ళో మాట మారింది. చెవుల డాక్టరు గారు పోయి చెవిటి డాక్టరు గారు వచ్చారు. తన చెవుడే కనిపెట్టుకోలేనివాడు ఎదుటివాడి గుండె ఏం వింటాడని జనం తగ్గిపోయారు. నేను కోప్పడ్డాను. ఆయన కోప్పడలేదు. "వాళ్ళన్నదాంట్లో తప్పేముందమ్మా? గుండె చప్పుడు బొంగురుది, వినపడుతుంది. ఊపిరితిత్తుల్లో సన్నటి చప్పుళ్ళుంటాయి, వాటి విషయంలో నన్ను నేనే నమ్మను" అన్నారు. దగ్గు రోగుల్ని అప్పటినుంచి సర్కారు డాక్టరు దగ్గరికి పంపేసేవారు.

నోటుపుస్తకంలో ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో, "ఇందులోని ఫోర్కు పరీక్షల్ని చెడిపోయిన చెవితో చేశాను. నమ్మవద్దు" అని రాశారు. కింద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు అందర్నీ మళ్ళీ పిలిచారు. కొందరు వచ్చారు, కొందరి ఇళ్ళకు మేమే వెళ్ళాం. పెనుగొలను దాకా ఎద్దుబండిలో వెళ్ళి చేసొచ్చిన రోజులున్నాయి. ఈసారి ఫోర్కును రోగి చెయ్యి ఎత్తగానే నా చెవి దగ్గర పెట్టేవారు. ముందు బాగున్నాయని చెప్పి పంపిన ప్రతివాడికీ, ఫలితం మారినప్పుడల్లా, "అప్పుడు తప్పు చెప్పాను" అని ఆయనే చెప్పేవారు. చాలామందికి ఆయన ముందు ఏం చెప్పారో కూడా గుర్తులేదు. అయినా చెప్పేవారు.

చివరికి అన్నీ రాసి ప్రొఫెసరు గారికి పంపారు. మూడు నెలలకు జవాబు వచ్చింది. శ్రమ మెచ్చదగినదే గాని, ఒక టీచరమ్మ చెవితో కొలిచినదాన్ని కొలత అనలేమని, యంత్రం కావాలని, ఆ యంత్రం తమ దగ్గరా లేదని. ఆ ఉత్తరం నాకు చదవటానికి ఇచ్చి, "ఆయన చెప్పింది సరైనదే" అన్నారు. మర్నాడు మళ్ళీ ఎవరిదో చెవి చూస్తున్నారు.

తర్వాతి వేసవిలో నన్ను గుడివాడ వైపు బడికి మార్చారు. బస్సు ఎక్కించటానికి ఆయనా ఆయన భార్యా వచ్చారు. ఆవిడ అరటిపళ్ళు ఇచ్చారు. కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంజను స్టార్టు చేశారు. ఏదో ఒకటి అనాలనిపించింది. అలాంటి మాటలు చెప్పే అలవాటు నాకు లేదు. తలవంచుకుని, "మిమ్మల్ని మర్చిపోనండి" అన్నాను.

వినపడనివాళ్ళు చాలామంది అలాంటి చోట తలూపి నవ్వేస్తారు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. ఆయన కిటికీ దగ్గరికి వచ్చారు. "వినపడలేదమ్మా. మళ్ళీ చెప్పండి" అన్నారు.

మళ్ళీ చెప్పాను. సిగ్గుతో గొంతు ఇంకా తగ్గింది.

"మిమ్మల్ని ఏమిటి? ముఖం ఇటు తిప్పి చెప్పండి."

ముఖం ఆయనవైపు తిప్పి గట్టిగా అరిచాను. "మిమ్మల్ని మర్చిపోనండీ!"

బస్సులో వాళ్ళంతా ఇటు తిరిగారు. కండక్టరు టికెట్లు చింపటం ఆపి నవ్వాడు. బయట ఆవిడ ముఖం తిప్పుకుని కళ్ళు ఒత్తుకున్నారు. డాక్టరు గారు కిటికీ ఊచమీంచి చెయ్యి తీశారు.

"ఆఁ. ఇప్పుడు వినపడింది" అన్నారు.